సెంటర్ ఫార్వర్డ్ బల్బీర్ సింగ్

హాకీని గూర్చి మాటలాడవలసి వచ్చినప్పుడు ధ్యాన్‌చంద్ పేరుతో ప్రారంభించుట ఒక ఆచారము. మేమును ఆ ఆచారమును తప్పము. 1936వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన బెర్లిన్ నగరములో ధ్యాన్‌చంద్ నాయకత్వమున భారతజట్టు జర్మనీ జట్టును 8–1 తేడాతో ఓడించి వరుసగా మూడవసారి ఒలింపిక్ స్వర్ణపతకమును గెలుచుకొన్నది. ఆ విజయమునకు సంబంధించిన వార్తాచిత్రమును పంజాబు దేశపు మోగా పట్టణములో పండ్రెండేండ్ల బాలుడొకడు చూచెను. తెరమీద కదలిన ఆ నీడలు వానిని విడువలేదు. ఆ బాలుడే తరువాతి కాలమున మూడు ఒలింపిక్ క్రీడోత్సవములలో మూడు స్వర్ణపతకములను పొందిన బల్బీర్ సింగ్. నేటి మా ప్రసంగము ఆయనను గూర్చినది.

బల్బీర్ సింగ్ అను పేరు పంజాబులో మన సుబ్బారావు, వెంకటేశ్వర్లు వంటిది. 1968లో మెక్సికోకు వెళ్ళిన భారతజట్టులో ఏకముగ ముగ్గురు బల్బీర్ సింగులుండిరి! అందుచేతనే మన కథానాయకుని పేరునకు చివర ‘సీనియర్’ అను మాట చేర్చుట పరిపాటియైనది. ఆ బిరుదు ఆయనకు వయస్సువలన వచ్చినదే కాని, అన్నివిధములను తగినదియే.

ఆటను ఎన్నడును చూడని శ్రోతలు ఉందురు గనుక రెండుమాటలు చెప్పి ముందుకు పోయెదము. మన పల్లెలలో పిల్లలు బిళ్ళంగోడు ఆడునప్పుడు కఱ్ఱకు ఏ పక్కనైన తగిలింపవచ్చును. హాకీలో అట్లు కాదు. కఱ్ఱ చివర వంపుతిరిగి యుండును. దాని ఎడమవైపు మాత్రమే చదునుగా నుండును. ఆ చదునైన ముఖముతోనే బంతిని తాకవలెను. జట్టునకు పదునొకండుగురు. గోలుస్తంభముల యెదుట అర్ధవృత్తాకారముగ గీత యొకటి ఉండును. ఆ గీతకు వెలుపలనుండి ఎంత గొప్పగా కొట్టినను అది గోలు కాదు. లోపలికి వచ్చియే కొట్టవలెను. బల్బీర్ సింగ్ ఆడిన కాలమున మరియొక కట్టడి కూడ ఉండెను. బంతి అందకముందే ఆటగాడు ఎదుటివారి గోలువైపు చొచ్చుకొనిపోయి నిలువరాదు. అతనికిని ఆ గోలుగీతకును నడుమ ప్రత్యర్థులు కనీసము ముగ్గురుండవలెను. లేనిచో ‘ఆఫ్‌సైడ్’ అని ఈల వేయుదురు. ఈ నియమము తరువాత సడలి, సడలి, ఇరువదవ శతాబ్దము ముగియకముందే పూర్తిగా తొలగిపోయినది.

ఆ నియమమున్న దినములలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడుట అనగా ఏమో ఊహింపుడు. అందరికంటె ముందు నిలుచువాడు అతడే. కాని ఒక్క అడుగు తొందరపడి ముందుకు పోయిన తప్పగును. ఒక్క అడుగు వెనుకబడిన అవకాశము జారిపోవును. బంతిని తెచ్చువారు ఇతరులు. దానికై కాచియుండి, వచ్చిన ఆ అరక్షణములో పని ముగింపవలసినవాడు ఇతడు. గోలు కొట్టినవానిని లోకము పరుగులెత్తు వీరునిగ భావించును. మా దృష్టిలో అతడు వేచియుండ నేర్చినవాడు. బల్బీర్ సింగ్ మైదానములోనే కాదు, మైదానము వెలుపల కూడ చాలసార్లు వేచియుండవలసి వచ్చినది.

ఆయన 1923 డిసెంబరు 31వ తేదీన జలంధర్ ప్రాంతమునందలి హరిపూర్ ఖాల్సా గ్రామములో జన్మించెను. తండ్రి దలీప్ సింగ్ స్వాతంత్ర్యసమరయోధుడు. ఇంట నున్న దినములకంటె ఉద్యమములలోను, చెరసాలలలోను గడపిన దినములే ఆయనకు మెండు. బాలుడు మోగాలో చదువుకొనుచు హాకీకఱ్ఱ పట్టెను. చిత్రమేమనగా, గోలులు కొట్టుటలో ప్రపంచప్రఖ్యాతి గడించిన యీ మనుజుడు మొదట నిలిచినది గోల్‌కీపరుగా! పిమ్మట వెనుకవరుసలో బ్యాక్‌గాను, ఆ తరువాతనే ముందువరుసలోను ఆడెను. మూడుచోట్లను నిలిచి చూచినవానికి గోల్‌కీపరు ఏ బంతికి భయపడునో, ఏ క్షణమున అతని కాలు పట్టుతప్పునో తెలియకుండునా?

లాహోరులో చదువుచున్న యీ యువకుని ఆటను అమృతసర్ ఖాల్సా కళాశాల శిక్షకుడగు హర్బేల్ సింగ్ గమనించెను. తన కళాశాలకు రమ్మని పట్టుపట్టి, ఇంటివారిని ఒప్పించి మరీ తెచ్చుకొనెను. ఆటగాండ్ర చరిత్రలు చెప్పునప్పుడు శిక్షకులను ఒక వాక్యముతో సరిపెట్టుట లోకరీతి. కాని 1952లో హెల్సింకీలోను, 1956లో మెల్బోర్న్‌లోను భారతజట్టునకు శిక్షణ యిచ్చినవాడు కూడ ఈ హర్బేల్ సింగే. శిష్యుని కఱ్ఱపట్టు ఏనాడు బిగిసినది, ఏనాడు సడలినది చూడగనే గుర్తింపగలవాడు ఆ పదునాలుగేండ్లును వెంట నుండుట చిన్న భాగ్యము కాదు.

ఇంక బేడీల కథ. పంజాబు పోలీసుశాఖకు ఆనాడు జాన్ బెన్నెట్ అను ఆంగ్లేయుడు అధిపతి. తన జట్టులో బల్బీర్ సింగ్ ఉండితీరవలెనని ఆయన పట్టుదల. బల్బీర్ సింగునకు అది రుచింపలేదు. తన తండ్రిని పలుమారు పట్టుకొనిపోయిన శాఖలో, ఆ ఉడుపులే తొడుగుకొని కొలువు చేయుటకు ఏ కుమారునికి మనసొప్పును? ఆయన ఢిల్లీకి పోయి అచట ప్రజాపనుల శాఖలో చేరి ఆడుకొనసాగెను. దొర ఊరకుండలేదు. పోలీసులను పంపి, చేతులకు బేడీలు వేయించి, జలంధరుకు రప్పించెను. నేరమేమి? హాకీ బాగుగా ఆడుట! వినుటకు హాస్యముగనే యుండును. కాని బేడీలు చూడగనే తండ్రి జ్ఞప్తికి రాని కొడుకు ఉండునా? తుదకు ఆయన ఆ కొలువులో చేరెను. ఆటగానిగ నున్నంతకాలము పోలీసు ఉద్యోగిగనే ఉండెను.

1947లో బొంబాయిలో జరిగిన జాతీయ పోటీలలో అవిభక్త పంజాబు జట్టు విజేతగా నిలిచెను. దాని నాయకుడు దారా. బెర్లిన్‌లో ధ్యాన్‌చంద్ ప్రక్కన ఆడి స్వర్ణపతకము పొందినవాడు. హిందువులు, సిక్కులు, ముసల్మానులు ఒకే జట్టుగా ఆడిన ఆ పంజాబునకు అదియే కడపటి విజయము. కొలది నెలలలో దేశము చీలినది. లాహోరు ఆవలికి పోయెను. బల్బీర్ సింగ్ కుటుంబముతో ఈవలకు వచ్చి లూధియానాలో పోలీసు ఉద్యోగమున నిలిచెను. మండుచున్న వీధులలో ఆయన చేసిన కాపలా ఎట్టిదో వర్ణింప మాకు శక్తి చాలదు. మరుసటి యేట లండను నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు దారా పాకిస్తాను జట్టునకు నాయకుడుగా వచ్చెను. లాహోరు స్నేహితుడగు షారుఖ్ కూడ ఆ జట్టులోనే యుండెను. నిన్నటి వరకు ఒకరికొకరు బంతి నందించుకొన్నవారు నేడు రెండు పతాకముల క్రింద నిలిచిరి.

లండనుకు పోవు జట్టును ఎంపిక చేసినప్పుడు మొదటి జాబితాలో బల్బీర్ సింగ్ పేరు లేదు. పిలుపు తరువాత వచ్చెను. అచ్చటికి పోయిన పిమ్మట కూడ తొలి ఆటలో ఆయనకు చోటు దొరకలేదు. రెండవ ఆట అర్జెంటీనాతో. ఒక ఆటగాడు గాయపడగా ఆయనను దింపిరి. భారతజట్టు 9–1తో గెలిచెను. ఆ తొమ్మిదింటిలో ఆరు గోలులు ఈ కొత్తవానివే! ఇంక ఈతనిని తప్పించుట ఎవరితరమనుకొందురు. కాని స్పెయిన్‌తో జరిగిన తరువాతి ఆటలో మరల ఆయన లేడు. సెమీఫైనల్‌లో హాలెండుతో తలపడునప్పుడు పేరు ప్రకటించి, మైదానమునకు తెచ్చి, కడపటి నిమిషమున వెనుకకు పిలిచిరి. ఎందులకు? జట్టులలో ముఠాలుండుట, ప్రాంతాభిమానములుండుట మనము ఎఱుగనిది కాదు. అంతకుమించి తర్కించి లాభము లేదు. ఈ అన్యాయమును సహింపలేక లండనులోని భారతీయ విద్యార్థులు హైకమిషనరు వి. కె. కృష్ణమీనన్ గారికి మొఱపెట్టుకొనిరి. ఫైనల్ ఆటలో బల్బీర్ సింగ్ ఆడెను.

1948 ఆగష్టు 12వ తేది. స్వతంత్రభారతమునకు ఇంకను ఏడు నిండలేదు, మూడుదినములు కొదువ. స్థలము వెంబ్లీ మైదానము. ప్రత్యర్థి బ్రిటనే! తడిసిన నేల, జారు పచ్చిక. మనవారి సొగసైన ఆటకు అది అనుకూలము కాదు. అయినను మొదటి భాగములోనే బల్బీర్ సింగ్ రెండు గోలులు కొట్టెను. తరువాత జాన్సెన్, త్రిలోచన్ సింగ్ చెరియొకటి చేర్చిరి. 4–0. ఆ సాయంకాలము బ్రిటను గడ్డమీద, బ్రిటనును గెలిచి, మన పతాకము పైకెగసెను. అంతకుముందు మూడు పర్యాయములు మనవారు స్వర్ణపతకము గెలిచినప్పుడు ఎగిరినది మన జెండా కాదని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. చెరసాలలకు పోయిన తండ్రిగల ఆ కుమారుడు ఆ దృశ్యమును తుదిదినములవరకు చెప్పుకొనుచుండెను.

హెల్సింకీ కథ అంత సుడులు తిరుగలేదు. 1952లో ప్రారంభోత్సవమున భారతపతాకమును చేతబట్టి నడచినవాడు బల్బీర్ సింగే. జట్టు నాయకుడు లక్నో నివాసి కె. డి. సింగ్ ‘బాబు’, బంతిని మెత్తగా, సూదికి దారమెక్కించినట్లు అందించు నేర్పరి. సెమీఫైనల్‌లో బ్రిటనుపై కొట్టిన మూడు గోలులును బల్బీర్ సింగువే. ఫైనల్‌లో హాలెండును 6–1తో ఓడించిరి. ఆ ఆరింటిలో అయిదు ఆయనవి. ఒలింపిక్ పురుషుల ఫైనల్ ఆటలో ఒక్కడే అయిదు గోలులు కొట్టుట అంతకుముందు లేదు, తరువాత ఇంతవరకును జరుగలేదు. ఆ ఒలింపిక్ క్రీడలలో మనజట్టు కొట్టినవి మొత్తము పదుమూడు. అందు తొమ్మిది ఒక్కని కఱ్ఱనుండి వచ్చినవి. అంకెలు చూచి మురిసిపోవుట సులభము. కాని బంతిని తెచ్చి యిచ్చినవారి పేర్లు అంకెలలో కనబడవు. అందుకే బాబు పేరు ఇక్కడ చెప్పితిమి.

అంకెలు పూర్తిగా మూగవోయిన స్థలము మెల్బోర్న్. మాకు మిక్కిలి ప్రీతియైన ఘట్టము అదియే.

1956లో బల్బీర్ సింగ్ జట్టునకు నాయకుడు. మొదటి ఆట ఆఫ్ఘనిస్తానుతో. 14–0 తేడాతో గెలిచిరి, అందు అయిదు నాయకునివి. ఆ ఆటలోనే బంతి తగిలి ఆయన కుడిచేతి వ్రేలు విఱిగినది. హాకీలో కఱ్ఱను క్రిందుగా పట్టి నడిపించునది కుడిచేయి. అది లేనివాడు కళ్ళెము లేని గుఱ్ఱపురౌతు వంటివాడు. తరువాతి రెండు ఆటలలో ఆయన దిగలేదు. అమెరికాను పదునారు గోలులతోను, సింగపూరును ఆరు గోలులతోను మిగిలినవారే గెలిచిరి. ఉద్ధంసింగ్ ఆ పోటీలలో మొత్తము పదునైదు గోలులు కొట్టి నాయకుని కొఱత తెలియనీయలేదు.

అప్పుడు జట్టు పెద్దలు ఒక నిర్ణయము చేసిరి. వ్రేలు విఱిగిన సంగతి బయటికి పొక్కనీయరాదు! కారణము సులభమైనది. బల్బీర్ సింగ్ మైదానములో నున్నచో ప్రత్యర్థులు ఆయనను కాచుటకు ఇద్దరిని కేటాయింతురు. ఆ యిద్దరు ఆయన చుట్టు తిరుగుచుండగా మనవారిలో వేరొకనికి దారి తెఱపి యగును. చేయి పనికిరాకున్నను పేరు పనిచేయును. కట్టు కట్టుకొని, నొప్పి తెలియకుండ మందు పుచ్చుకొని, ఆయన సెమీఫైనల్‌లో దిగెను. జర్మనీపై ఒక్క గోలు, కొట్టినది ఉద్ధంసింగ్.

డిసెంబరు 6వ తేదీన ఫైనల్. ఎదుట నున్నది పాకిస్తాను. ఒలింపిక్ ఫైనల్‌లో ఈ రెండు దేశములు ఎదురుపడుట అదే మొదలు. ఇంటనున్న జనులకు అది ఆట కాదు, తొమ్మిదేండ్ల గాయము. గెలిచిన ‘మొదటినుండియు వీరే గెలుచుచున్నారు కదా’ అందురు. ఓడిన జన్మాంతము అనుచునే యుందురు. ఇట్టి బరువు నెత్తిన మోయుచు, నొచ్చుచున్న చేతితో నాయకుడు ఆడెను. గోలు కొట్టలేదు. కొట్టు స్థితిలో లేడు. ఇద్దరిని తనవెంట త్రిప్పుకొని తిరిగెను. పెనాల్టీ కార్నరు నుండి రణధీర్ సింగ్ జెంటిల్ కొట్టిన ఏకైక గోలుతో భారతజట్టు గెలిచెను. అయిదు ఆటలలో మనవారు కొట్టినవి ముప్పదియెనిమిది. మన గోలులోనికి వచ్చినది ఒక్కటియు లేదు. గోల్‌కీపరు శంకర్ లక్ష్మణ్ మాట యిక్కడ చెప్పకున్న దోషము.

హెల్సింకీ ఫైనల్‌లో అయిదు గోలులు. మెల్బోర్న్ ఫైనల్‌లో సున్న. ఏది గొప్పదని ఎవరైన మమ్ము అడిగినచో సున్నయే గొప్పదని నిస్సందేహముగ చెప్పుదుము. మాతో అంగీకరింపనివారు ఉందురు, ఉండనిండు.

1957లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. క్రీడాకారునికి ఆ గౌరవము దక్కుట అదే ప్రథమము. దూరమున, సముద్రముల కావల నున్న డొమినికన్ రిపబ్లిక్ అను చిన్న దేశము మెల్బోర్న్ విజయమునకు గుర్తుగా ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ అచ్చొత్తించినది! 1958లో టోకియోలో జరిగిన ఆసియా క్రీడలలో పాకిస్తానుతో ఆట సమానముగ ముగిసి, గోలుల లెక్కలో మనము రెండవస్థానమునకు దిగితిమి. 1960లో రోముకు వెళ్ళిన జట్టులో బల్బీర్ సింగ్ లేడు. ఆ యేడు పాకిస్తాను మనలను 1–0తో ఓడించి, 1928 నుండి మనయొద్ద నున్న స్వర్ణమును తీసికొనిపోయెను.

ఆటగాని జీవితము ముప్పది అయిదేండ్లకు ముగియును. మనుజుని జీవితము ముగియదు. మిగిలిన కాలమును ఏమి చేసికొనవలెనను ప్రశ్నకు చాలమందికి సమాధానము దొరకదు. బల్బీర్ సింగ్ తరువాతివారిని తీర్చిదిద్దు పనికి పూనుకొనెను. 1971లో బార్సిలోనాలో జరిగిన తొలి ప్రపంచకప్పు పోటీలలో ఆయన శిక్షణ పొందిన జట్టు మూడవస్థానము పొందినది. 1975లో కౌలాలంపూరు పోటీలకు ఆయన మేనేజరు. అందుకై చండీగఢ్‌లో శిబిరము నడచుచుండగా తండ్రి దలీప్ సింగ్ కన్నుమూసెను. కర్మకై ఒక్కదినము వెళ్ళి, ఆయన తిరిగి శిబిరమునకు వచ్చెను. ఆ దినములలోనే భార్య జబ్బుపడి ఆసుపత్రిలో ఉండెను. కుఱ్ఱవాండ్ర యెదుట ముఖమున ఆ చింత కనబడనీయలేదట. మార్చి 15వ తేదీన అజిత్‌పాల్ సింగ్ నాయకత్వమున మనవారు పాకిస్తానును 2–1తో గెలిచి ప్రపంచకప్పును తెచ్చిరి. పురుషుల హాకీలో ప్రపంచకప్పు మనకు దక్కినది ఆ ఒక్కసారియే.

చెప్పుటకు మనసొప్పని సంగతి ఒకటి ఉన్నది. 1985లో ఆయన తన పతకములను, ఛాయాచిత్రములను, మెల్బోర్న్‌లో నాయకునిగా తొడిగిన బ్లేజరు కోటును ఒక క్రీడాప్రదర్శనశాలలో ఉంచుదురను నమ్మకముతో ప్రభుత్వసంస్థ కొకదానికి అప్పగించెను. ఆ ప్రదర్శనశాల వెలయలేదు. 2012లో లండను ఒలింపిక్ క్రీడల సందర్భమున ప్రపంచమంతటినుండి ఏరిన పదునార్గురు మహాక్రీడాకారులలో ఒకనిగ ఆయనను గౌరవించిరి. ఆ సమయముననే, అప్పగించిన వస్తువులను గూర్చి విచారింపగా అవి కానరాలేదని తేలినది. తొంబదేండ్ల వృద్ధుడు ఉత్తరములు వ్రాసెను, కుటుంబమువారు తిరిగిరి, పత్రికలు వ్రాసెను. ఫలితము లేదు. 2020 మే 25వ తేదీన మొహాలీలో ఆయన కన్నుమూయునాటికి ఆ కోటు ఇల్లు చేరలేదు. దొంగ దోచినచో దొంగ నందుము. ఇచ్చినవస్తువు ఎక్కడ నుంచితిమో మరచినవానిని ఏమనవలెను? మరుసటి యేట మొహాలీ హాకీ మైదానమునకు ఆయన పేరు పెట్టిరి.

కౌలాలంపూరులో జరిగిన ఒక ముచ్చటను చెప్పి విరమించెదము. సెమీఫైనల్ ఆట మలేషియాతో. వారి దేశము, వారి జనము. మనజట్టు 1–2తో వెనుకబడి యుండెను. ఆట ముగియుటకు అయిదారు నిమిషములే మిగిలినవి. మనకు పెనాల్టీ కార్నరు దొరకినది. అంతవరకు బెంచీమీదనే కూర్చుండి కాచియున్న అస్లం షేర్‌ఖాన్ అను యువకుని అప్పుడు లోపలికి పంపిరి. అతడు మెడలోని తాయెత్తును ముద్దు పెట్టుకొనెను. బంతి వచ్చినది, కొట్టెను, గోలు! అదనపు సమయములో హర్‌చరణ్ సింగ్ మరియొకటి కొట్టగా మనవారు ఫైనల్ చేరిరి. ఫైనల్‌కు ముందు శుక్రవారము వచ్చెను. ఆ యువకుడు ప్రార్థనకు పోవలెను గదా యని, మేనేజరు బల్బీర్ సింగ్ తాను స్వయముగ అతనిని వెంటబెట్టుకొని ఆ ఊరి మసీదునకు తీసికొనిపోయెను.